బ్యాచ్‌లో వినపడని తప్పు: ఇంగ్లీషు నేర్చుకోవడానికి ఒక్కరికే చెప్పే ట్యూషన్ ఎందుకు మేలు

సాయంత్రం ఆరు గంటల స్పోకెన్ ఇంగ్లీష్ బ్యాచ్‌లో 30 మంది ఉన్నారనుకుందాం. క్లాసు గంటసేపు. హాజరుకూ, పాఠం చెప్పడానికీ, బోర్డు మీద రాయడానికీ మాస్టారు సగం సమయమే వాడుకొని మిగిలిన 30 నిమిషాలూ విద్యార్థులకే వదిలేసినా, ఒక్కొక్కరి వంతుకు వచ్చేది ఒక్క నిమిషం. వారానికి ఐదు రోజుల చొప్పున మూడు నెలలు, అంటే దాదాపు 60 క్లాసులు, ఒక్కటీ మానకుండా హాజరైన విద్యార్థి కోర్సు ముగిసేసరికి ఇంగ్లీషులో నోరు తెరిచి మాట్లాడిన సమయం మొత్తం కలిపి ఒక గంట. అవే 60 గంటలు ఒక గురువు ఎదుట ఒక్కడే కూర్చుంటే, గురువు సగం సమయం తానే మాట్లాడినా, అతనికి 30 గంటలు దక్కుతాయి. బ్యాచ్‌లో చేరి మూడు నెలలు కష్టపడినా మాట రాలేదని బాధపడేవాళ్లు సాధారణంగా తమ తెలివినో, జ్ఞాపకశక్తినో నిందించుకుంటారు. ఒక గంట సాధనతో ఏ భాషా ఎవరికీ రాదన్న లెక్క వాళ్లకు ఎవరూ చెప్పరు.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేసుకోవాలి. తెలుగునాట ట్యూషన్ అనగానే మాస్టారి ఇంటి వరండాలో చాప మీద కూర్చున్న పదిహేను మంది పిల్లలు గుర్తుకొస్తారు. అది బడికి కొనసాగింపుగా నడిచే మరో చిన్న తరగతి. ఈ వ్యాసం చర్చించేది ఒక గురువు, ఒక శిష్యుడు ఎదురెదురుగా గానీ ఫోను, కంప్యూటరు తెర మీద గానీ కూర్చొని సాగించే చదువు గురించి. ఆ రెంటినీ ఒకే పేరుతో పిలవడం వల్లనే "ట్యూషన్ పెట్టించాం, అయినా లాభం లేదు" అనే మాట తరచుగా వినిపిస్తుంది.

మాట్లాడే సమయం పెరగడం ఒక్కటే ఈ పద్ధతిలోని మేలు అయితే, ఇద్దరు స్నేహితులు రోజూ ఒక గంట ఇంగ్లీషులో కబుర్లు చెప్పుకున్నా సరిపోయేది. అసలు మేలు తప్పు దగ్గర ఉంది. ఒకే తప్పు వేర్వేరు మనుషుల్లో వేర్వేరు కారణాల నుంచి పుడుతుంది, ఆ కారణం దొరికితే తప్ప తప్పు పోదు. ఉదాహరణకు, "వేర్ ఆర్ యూ గోయింగ్" అనవలసిన చోట "వేర్ యూ ఆర్ గోయింగ్" అనే ముగ్గురిని తీసుకుందాం. మొదటి వ్యక్తికి ప్రశ్నలో సహాయక క్రియ కర్తకు ముందు రావాలన్న నియమమే తెలియదు. "నువ్వు ఎక్కడికి వెళ్తున్నావు" అన్న తెలుగు వాక్యంలో ప్రశ్న కోసం పదాలేవీ చోటు మారవు కాబట్టి, ఇంగ్లీషులో మారాలన్న ఊహ కూడా అతనికి రాదు. రెండో వ్యక్తికి నియమం క్షుణ్ణంగా తెలుసు, పరీక్షలో తప్పు లేకుండా రాస్తాడు, కానీ మాట్లాడే వేగంలో ఆ నియమం నాలుకకు అందదు. మూడో వ్యక్తి ఆఫీసులో, బస్సులో, ఫోనులో చుట్టూ అందరూ అలాగే మాట్లాడటం ఏళ్ల తరబడి విన్నాడు కాబట్టి అది తప్పని అతని చెవికి తోచదు. మొదటివాడికి వివరణ కావాలి, రెండోవాడికి వివరణ అనవసరం, సాధన కావాలి, మూడోవాడికి ముందు చెవి మారాలి. బ్యాచ్‌లో మాస్టారు బోర్డు మీద నియమం రాసి నాలుగు ఉదాహరణలు చెప్పి ముందుకు వెళ్లిపోతారు. అది మొదటివాడికి మాత్రమే ఉపయోగపడుతుంది, మిగిలిన ఇద్దరూ తలూపి, నోటుబుక్కులో రాసుకొని, బయటికి వచ్చి మళ్లీ అదే వాక్యం అంటారు. ఇందులో మాస్టారి లోపమేమీ లేదు. 30 మందిలో ఎవరి తప్పు ఎక్కడి నుంచి వస్తోందో ఆరా తీసే వీలు ఎంత గొప్ప గురువుకైనా ఆ గదిలో ఉండదు.

తెలుగువాళ్ల ఇంగ్లీషులోని చాలా తప్పులకు వేరు తెలుగులోనే ఉంది. "నాకు జ్వరం వచ్చింది", "నాకు తెలుసు", "నాకు ఇద్దరు పిల్లలు", "నాకు ఆకలేస్తోంది" అనే వాక్యాలన్నిటిలో మనిషి "నాకు" అన్న రూపంలో ఉంటాడు, జ్వరమో ఆకలో కర్త స్థానంలో ఉంటుంది. ఇంగ్లీషులో ఈ నాలుగింటిలోనూ మనిషే కర్త. ఈ ఒక్క తేడాను విడిగా పట్టుకొని, రోజువారీ సంగతులన్నీ ఆ రెండు చట్రాల్లోనూ చెప్పించి చూస్తే, "ఫీవర్ కేమ్ టు మీ" వంటి వాక్యాలు ఒక వరుసలో రాలిపోతాయి. అలాగే తెలుగులో లేని "ఏ", "ది" అనే ఉపపదాల సంగతి. వీటికి వ్యాకరణ పుస్తకాలు పేజీలకు పేజీలు నియమాలు ఇస్తాయి, కానీ ఆ నియమాలన్నీ కంఠస్థం చేసినవారు కూడా మాట్లాడేటప్పుడు వాటిని వదిలేస్తారు. ఉపపదం ఒక ఉపన్యాసంతో పట్టుబడేది కాదు. సొంత వాక్యంలో, సొంత సంగతి చెప్తుండగా, వదిలేసిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆపి అడిగితే, అలా కొన్ని వందల సార్లు జరిగితే, క్రమంగా అలవాటవుతుంది. అన్ని వందల సార్లు ఒకే మనిషిని ఆపగలిగే తీరిక బ్యాచ్‌లో ఎక్కడ దొరుకుతుంది?

ఉచ్చారణ దగ్గర ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తెలుగు అజంత భాష, మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అందుకే ఇంగ్లీషు నుంచి మనం తెచ్చుకున్న మాటలు బస్సు, కప్పు, బుక్కు అయ్యాయి. తెలుగులో మాట్లాడేటప్పుడు ఇవి నిక్షేపమైన తెలుగు మాటలే, వాటిని వెక్కిరించవలసిన పని లేదు. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు మాత్రం ప్రతి పదం చివరా ఆ చిన్న ఉకారం వచ్చి చేరితే విదేశీ శ్రోతకు వాక్యం అల్లకల్లోలంగా వినిపిస్తుంది. మాట మొదట్లోని ఎకారానికి ముందు యకారపు ఛాయ, ఒకారానికి ముందు వకారపు ఛాయ రావడం కూడా మన నోటి అలవాటే, "ఎగ్" కాస్తా "యెగ్" అవుతుంది, "ఓన్లీ" కాస్తా "వోన్లీ" అవుతుంది. "వెస్ట్" అన్న ఒక్క తెలుగు రాతలో పడమర అనే మాటా, చొక్కా లోపల వేసుకునే బనియను మాటా రెండూ ఇమిడిపోతాయి, ఇంగ్లీషులో ఆ రెండు మాటల మొదటి ధ్వనులు వేర్వేరు. చిరుతిండ్లను (స్నాక్స్) పాములుగా (స్నేక్స్) పలికేవారు ఎందరో ఉన్నారు, ఆ తేడా తమ నోట పలకడం లేదని వారికే తెలియదు.

ఇటువంటి ధ్వనులు నేర్పడానికి తరగతి గదిలో సాధారణంగా వాడే ఉపాయం "అందరూ నాతో కలిసి అనండి" అనడం. 30 గొంతులు ఒక్కసారిగా లేచినప్పుడు ఎవరి నోట ఏ ధ్వని వచ్చిందో మాస్టారికి వినపడదు, తన గొంతులో ఏది వచ్చిందో విద్యార్థికీ వినపడదు. పైగా హైదరాబాదులోని బ్యాచ్‌లలో తెలుగు, ఉర్దూ మాతృభాషలవారు పక్కపక్కనే కూర్చుంటారు. "జీరో" మొదటి ధ్వని ఉర్దూ వారికి పుట్టుకతో వచ్చినదే, తెలుగువారికి కష్టం. "స్కూల్" ముందు ఇకారం చేర్చి "ఇస్కూల్" అనడం ఉర్దూ, హిందీ మాట్లాడేవారిలో కనిపించే అలవాటు, తెలుగువారికి ఆ ఇబ్బంది లేదు. ఒకరి కోసం చేసే సాధన రెండోవారికి కాలహరణం. ఒక్కరే ఎదుట ఉన్నప్పుడు గురువు ఆ మనిషి నోటి నుంచి వచ్చిన ధ్వనినే పట్టుకుంటాడు, రికార్డు చేసి వినిపిస్తాడు, రెండు మాటలను పక్కపక్కన పెట్టి ఏది ఏదో చెప్పమంటాడు. చెవికి తేడా తెలిశాక నాలుకకు దారి దొరుకుతుంది.

తప్పును ఎలా దిద్దాలన్నది మరో ప్రశ్న. రాయ్ లిస్టర్, లైలా రాంటా అనే పరిశోధకులు కెనడాలో ఫ్రెంచి మాధ్యమంలో చదివే పిల్లల తరగతులను పరిశీలించి 1997లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో చాలా విలువైనది. ఉపాధ్యాయులు దిద్దిన సందర్భాల్లో సగానికి పైగా చోట్ల, విద్యార్థి తప్పుగా అన్న వాక్యాన్ని తామే సరిచేసి తిరిగి అనేశారు. పిల్లల నుంచి అతి తక్కువ స్పందన వచ్చింది కూడా ఈ పద్ధతికే. గురువు తన మాటను మెచ్చుకొని మళ్లీ అన్నాడో, దిద్ది అన్నాడో పిల్లవాడికి తెలియలేదు. వాక్యం మధ్యలో ఆగి, సరైన రూపాన్ని విద్యార్థి నోటి నుంచే రాబట్టే ప్రయత్నం చేసినప్పుడు మాత్రం స్పందన ఎప్పుడూ వచ్చింది. అయితే రాబట్టడానికి సమయం పడుతుంది. విద్యార్థి తడుముకుంటాడు, ఆగుతాడు, ఒక తప్పు రూపం ప్రయత్నించి మళ్లీ మార్చుకుంటాడు. 29 మంది తమ వంతు కోసం చూస్తూ కూర్చున్న గదిలో ఉపాధ్యాయుడు అంతసేపు ఒకరి దగ్గర ఆగలేడు. ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు జవాబు కోసం సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారనీ, మూడు సెకన్లు ఆగినా జవాబులు పొడవుగా, మెరుగ్గా వస్తాయనీ మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త తన పరిశోధనల్లో చూపించారు. అవి మాతృభాషలో సైన్సు చదివే పిల్లల తరగతులు. తెలుగులో ఆలోచించి, పదాలు వెతుక్కొని, వాక్యం కట్టుకొని పరాయి భాషలో మాట్లాడవలసిన మనిషికి ఆ ఒక్క సెకను ఏ మూలకు?

ఆ ఆగడంలోనే సిగ్గు కూడా దాగి ఉంటుంది. తెలుగు మీడియంలో చదివి పట్నానికి వచ్చిన యువకుడికి బ్యాచ్‌లో అన్నిటికన్నా భయం కలిగించేది వ్యాకరణం కాదు, పక్క బెంచీ నవ్వు. ఇప్పటికే కాస్త ధారాళంగా మాట్లాడగలిగిన నలుగురైదుగురు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు, చర్చ అనగానే వారే లేస్తారు, పైన లెక్క వేసిన ఆ ఒక్క నిమిషం కూడా వెనక వరుసవారి నుంచి వారి చేతుల్లోకి వెళ్లిపోతుంది. అంటే అవసరం ఎక్కువ ఉన్నవారికి అవకాశం తక్కువ అందుతుంది. పిల్లల బడిలో టీచరుతో రెండు మాటలు తానే మాట్లాడాలని కోరుకునే నలభై ఏళ్ల గృహిణి, ఇరవై ఏళ్ల ఇంజనీరింగ్ విద్యార్థుల మధ్య కూర్చొని "మై నేమ్ ఈజ్" అని మొదలుపెట్టగలదా? చాలామంది రెండో వారానికే మానేస్తారు. గురువు ఒక్కరే ఎదురుగా ఉన్నప్పుడు కూడా మొదటి రోజుల్లో మొహమాటం ఉంటుంది, కానీ అది ఒక మనిషి ముందు ఉండే మొహమాటం, పదిసార్లు తప్పు మాట్లాడి పదిసార్లూ మర్యాద దక్కాక కరిగిపోతుంది.

పరాయి భాషను గురువు పక్కన కూర్చొని నేర్చుకోవడం తెలుగు చరిత్రకు కొత్త కాదు. 1817లో మద్రాసుకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ అక్కడి సెయింట్ జార్జి కోట కళాశాలలో ఉంటూ వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు నేర్చుకొని, 1820లో పరీక్ష నెగ్గి కడపలో ఉద్యోగానికి వెళ్లాడు. ఆ తర్వాత కూడా పండితులను దగ్గర పెట్టుకొనే పని చేశాడు. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లో, సవర, తెలుగు భాషలు రెండూ వచ్చిన ఒక మనిషిని తన ఇంట్లోనే ఉంచుకొని సవర భాష నేర్చుకున్నారు, ఆ పునాది మీదనే ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు రాయగలిగారు. ఈ రెండు ఉదాహరణల్లోనూ గురువుకు శిష్యుడి అవసరం ఏమిటో తెలుసు. ఒకరికి కచేరీలో రైతు అర్జీ అర్థం కావాలి, ఇంకొకరికి కొండల్లోని మనుషుల మాట ఉన్నది ఉన్నట్టుగా పట్టుబడాలి.

నేటి అవసరాలు అంతకన్నా చీలిపోయి ఉన్నాయి. ఐర్లండుకో, బ్రిటనుకో వెళ్లదలచిన నర్సులు రాసే, వైద్య సిబ్బంది కోసమే పెట్టే ఓఈటీ ఇంగ్లీషు పరీక్షలో మాట్లాడే భాగం రోగితోనో, రోగి బంధువుతోనో మాట్లాడే రెండు సన్నివేశాలుగా ఉంటుంది, ఒక్కొక్కటి దాదాపు ఐదు నిమిషాలు. విదేశీ చదువులకు, వలసకు వెళ్లేవారు రాసే ఐఈఎల్‌టీఎస్‌లో మాట్లాడే పరీక్ష 11 నుంచి 14 నిమిషాల పాటు ఒక పరీక్షకుడికీ ఒక అభ్యర్థికీ మధ్య నడుస్తుంది, అందులో ఇచ్చిన అంశం మీద ఒక నిమిషం ఆలోచించుకొని రెండు నిమిషాల వరకు ఆగకుండా మాట్లాడాలి. ధార, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ అనే నాలుగు కొలతలతో మార్కులు వేస్తారు. ఒక అభ్యర్థికి మూడింటిలో బాగానే ఉండి ఒక్కదానిలో దెబ్బ తగులుతుంటే, మిగిలిన మూడూ మళ్లీ మొదటి నుంచి చదివించే బ్యాచ్ అతనికి డబ్బూ కాలమూ రెండూ దండగ. కొడుకు దగ్గరికి మొదటిసారి అమెరికా వెళ్లే తల్లిదండ్రులకు కావలసింది విమానాశ్రయంలో అధికారి అడిగే ఆరేడు ప్రశ్నలు అర్థమై, తొణకకుండా జవాబు చెప్పడం. వాళ్లను టెన్సుల పట్టికతో మొదలయ్యే కోర్సులో కూర్చోబెట్టడం అన్యాయం. ఇంటర్నెట్ వచ్చాక గురువు ఉన్న ఊళ్లోనే శిష్యుడు ఉండనక్కర్లేదు కూడా. వేసవిలో డాలస్‌లో రాత్రి 9 గంటలు అయితే విజయవాడలో మర్నాడు ఉదయం 7:30, ఇద్దరికీ కుదిరే వేళే.

వ్యక్తిగత బోధన శక్తి గురించి మాట్లాడేవారు తరచు 1984 నాటి బెంజమిన్ బ్లూమ్ వ్యాసాన్ని ఉదాహరిస్తారు. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఆయన, మామూలు తరగతిలో చదివిన విద్యార్థులతో పోలిస్తే విడిగా బోధన పొందిన సగటు విద్యార్థి ఆ తరగతిలోని 98 శాతం మందిని మించిపోయాడని రాశారు. ఈ అంకెను ప్రకటనల్లో యథాతథంగా వాడుకోవడం సరికాదు. ఆ ప్రయోగాల్లో విడి బోధన పొందిన పిల్లలకు తరచుగా పరీక్షలు పెట్టి, లోపాలు దిద్దాకే తర్వాతి పాఠానికి వెళ్లే ఏర్పాటు కూడా ఉంది, కాబట్టి లాభమంతా ఒంటరిగా కూర్చోవడం వల్ల వచ్చింది కాదు. 2011లో కర్ట్ వాన్‌లేన్ చేసిన సమీక్షలో ఆ లాభం సగం కన్నా తక్కువగా తేలింది. 2020లో 96 ప్రయోగాలను కలిపి చూసిన మరో సమీక్షలో అది ఇంకా తగ్గి, నూరు మందిలో కింది నుంచి 50వ స్థానంలో ఉన్న విద్యార్థిని సుమారు 64వ స్థానానికి చేర్చేంతగా నిలిచింది. ఇవి ఎక్కువగా బడి పిల్లల చదువు, లెక్కలకు సంబంధించిన ఫలితాలు. అంత తగ్గించి చూసినా బోధనా పద్ధతుల్లో ఇంత నిలకడైన ఫలితం ఇచ్చినవి తక్కువ. బ్లూమ్ ప్రయోగాల నుంచి గ్రహించవలసింది ఆ 98 అంకె కన్నా, లోపం దిద్దకుండా ముందుకు కదలకూడదన్న క్రమం. ట్యూషన్‌లో ఆ క్రమం పాటించడం తేలిక, బ్యాచ్‌లో సిలబస్ తేదీ ప్రకారం నడుస్తుంది.

ఇంత చెప్పాక కూడా, గురువు ఒక్కరికే చెప్తున్నంత మాత్రాన మేలు జరుగుతుందని అనుకోకూడదు. 30 మందికి చెప్పే పాఠాన్నే ఒక్కరికి చెప్పి, గంటలో నలభై ఐదు నిమిషాలు తెలుగులో వ్యాకరణం వివరించి వెళ్లిపోయే ట్యూటర్లు ఉన్నారు. అక్కడ పెరిగేది ఫీజు మాత్రమే. ఇంకొక లోపం మంచి గురువుల దగ్గర కూడా వస్తుంది. నెలలు గడిచేకొద్దీ గురువు చెవి ఆ శిష్యుడి మాటకు అలవాటు పడిపోయి, సగం మింగిన వాక్యాన్ని కూడా అర్థం చేసుకొని తలూపుతుంది, శిష్యుడు తన మాట లోకానికంతా అర్థమవుతోందని భ్రమపడతాడు. అందుకని నెలకు ఒకసారైనా ముక్కూమొహం తెలియని మరొకరితో ఫోనులో మాట్లాడించడం అవసరం. ఉద్యోగ ఎంపికల్లో పెట్టే గ్రూప్ డిస్కషన్‌కు సిద్ధమయ్యేవారు గుంపులోనే సాధన చేయాలి, దానికి ట్యూషన్ పనికిరాదు. చదివి అర్థం చేసుకోవడం, వ్యాకరణపు తొలి పరిచయం వంటివి బ్యాచ్‌లోనూ బాగానే సాగుతాయి.

ఖర్చు నిజమైన అడ్డంకి, దాన్ని తేలిగ్గా తీసిపారేయడానికి లేదు. అయితే లెక్క వేయవలసింది నెల ఫీజును కాదు, నోరు తెరిచి మాట్లాడిన ఒక్కో గంటకు పడిన ధరను. పై లెక్క ప్రకారం ట్యూషన్‌లో మాట్లాడే సమయం బ్యాచ్‌లో కన్నా 30 రెట్లు. ఫీజు పది రెట్లు ఎక్కువైనా మాట్లాడిన గంట ధర మూడో వంతే. రోజూ పెట్టించుకోలేనివారు వారానికి రెండు గంటలు ట్యూషన్, మిగతా రోజుల్లో సొంత సాధన అన్న ఏర్పాటు చేసుకోవచ్చు. ఒకే స్థాయి, ఒకే అవసరం ఉన్న ఇద్దరు కలిసి ఒక గురువును పెట్టుకుంటే ఖర్చు సగమవుతుంది, మేలు మాత్రం సగానికి పడిపోదు, ఎందుకంటే ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు తప్పు పట్టుకునే పనిలో ఉంటారు.

గురువును ఎంచుకొనేటప్పుడు డెమో క్లాసులో ఆయన ఇంగ్లీషు ఎంత బాగుందో చూసి మురిసిపోవడం సహజం. అంతకన్నా, ఆ గంటలో ఎవరు ఎంతసేపు మాట్లాడారో గడియారం పెట్టి చూడాలి. మొదటి రోజునే పుస్తకం తెరిచేవారి కన్నా, "మీ ఊరి గురించి చెప్పండి" అని అడిగి, ఐదు నిమిషాలు అడ్డు రాకుండా విని, కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకొని, ఆ నాలుగింటిలో ఏ ఒక్కదానితో మొదలుపెట్టాలో చెప్పగలిగిన మనిషి మెరుగు. ఆ ఐదు నిమిషాలను శిష్యుడు తన ఫోనులో రికార్డు చేసి, తేదీ వేసి దాచుకోవాలి. మూడు నెలలు గడిచాక అదే ఊరి గురించి మళ్లీ ఐదు నిమిషాలు మాట్లాడి రికార్డు చేయాలి. మొదటిదానిలో ఉన్న తప్పులు రెండోదానిలో కూడా అవే చోట్ల వినిపిస్తుంటే, నాలుగో నెల ఫీజు కట్టే ముందు గురువూ శిష్యుడూ కలిసి కూర్చొని ఆ రెండు రికార్డింగులూ పక్కపక్కన పెట్టి వినాలి.